అవతలికి జరిగే కంచె

వ్యవసాయ ప్రదర్శన మైదానానికి కాపలా ఉండే గేటమ్మ పొద్దున్నే లేచి చేసే మొదటి పని దాని కంచె చుట్టూ తిరగడం. చేతిలో సుత్తి, జేబు నిండా మేకులు. వదులైన చోటల్లా రెండు దెబ్బలు వేస్తూ ఒక చుట్టు తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. వాళ్ళ నాయనమ్మ కాలంలో ఇదే చుట్టు టీ చల్లారేలోపు అయిపోయేది.

మొదటి వ్యవసాయ ప్రదర్శన పెట్టింది రెండెకరాల్లోనే. నాయనమ్మ తన కుంటి ఆవుని తోలుకొస్తే, లోపల చోటు లేదు పొమ్మన్నారు పెద్దమనుషులు. ఆవిడ మహా మొండిది. ఆవుని కంచె బయటే కట్టేసి పక్కన కూర్చుంది. అందరూ అన్నాలు తిని చేతులు కడుక్కునేసరికి కంచె ఆవుకి అవతల ఉంది. "సరే, లోపలికొచ్చేసిందిగా, పాలు పితికి చూపించు" అన్నారు. తర్వాత వంకర గుమ్మడికాయల రైతుని కాదన్నారు, కంచె జరిగింది. కౌలురైతుల్ని కాదన్నారు, మళ్ళీ జరిగింది. రాష్ట్రం నలుమూలల నుంచీ జనం రావడం, వీళ్ళు ఎవర్నో ఒకర్ని గెంటడం, అలా మైదానం నూటపదెకరాలైంది. పెద్దమనుషుల దయవల్ల పెరిగిందని గేటు దగ్గర రాతిపలక ఉంది. శుద్ధ అబద్ధం.

ఈ ఏడు వచ్చిన ప్రదర్శన కార్యదర్శి మైదానం అమ్మేసి మేడలు కట్టించాలని పంతం పట్టాడు. కంచె సంగతి ఆయనకీ తెలుసు.

"ప్రదర్శనే రద్దు చేస్తే ఇక కాదనడానికి ఎవరుంటారు? కంచె ఎందుకు జరుగుతుంది?" అని నవ్వాడు. "వారంలో గేటు పక్కన నీ గది ఖాళీ చెయ్యి."

"నేను పుట్టింది ఆ గదిలోనే సార్."

"అందరూ ఎక్కడో ఒకచోట పుడతారమ్మా."

గేటమ్మకి ఒళ్ళు మండింది. బయటికొచ్చి తెలిసిన రైతులందరికీ ఫోన్లు చేసింది. "రద్దయిందంటున్నారు. అయినా రండి. ఉన్నవన్నీ తోలుకుని రండి."

వచ్చారు. గేటుకి తాళం. ఎడ్లు, గొర్రెలు, కోళ్ళ గంపలు, ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా, మలుపు తిరిగి, కార్యదర్శి ఆఫీసు దాటి బారులు తీరాయి. ఎవరూ కేకలు వెయ్యలేదు. అన్నం మూటలు విప్పారు. గేటమ్మకి లోపల భయంగానే ఉంది, అయినా కడుపునిండా తింది.

చేతులు కడుక్కునేసరికి కంచె కనుచూపు మేరలో లేదు.

కార్యదర్శి మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో గొర్రె అడ్డం. "నా ఆఫీసు కూడా మైదానంలోకి వచ్చేసిందా? మరి అమ్మకం కాగితాలో?"

"హద్దులు నిలవని స్థలం ఎవరు కొంటారు సార్? పక్కకి జరగండి, జనం వస్తున్నారు."

వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునేవాళ్ళు లేకపోవడంతో గేటమ్మే వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చుంది. ఇంతవరకూ అందులోంచి ఆమెని లేపే ధైర్యం ఎవరికీ రాలేదు. ఆ రోజు తన ఆఫీసులోకి పోవడానికి కార్యదర్శి ఎడ్ల వెనకాల వరసలో నిలబడ్డాడు. సాయంత్రానికి ఆయన వంతు వచ్చింది.

గేటమ్మ తలెత్తకుండానే అడిగింది. "మీరేం పండించారు సార్?"