కవరు మీద కవరు

ఆ అపార్ట్‌మెంటు మేడ మీద పన్నెండు కుర్చీలున్నాయి. ఒక్కో కుర్చీకి కూర్చోవడానికి ఒక మెత్త, నడుముకు ఒక మెత్త. మొత్తం ఇరవై నాలుగు. మీగడ రంగువి. కొని ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో వాటి మీద కూర్చున్న ప్రాణి ఒక పిల్లి మాత్రమే. ఆ పిల్లిని కూడా మందలిస్తూ లిఫ్టులో నోటీసు పడింది.

నోటీసులు రాసేది సెక్రటరీ. ముప్పై ఇళ్లవాళ్లూ ఆయన్ని ఎదురుగా సార్ అంటారు, వెనక సర్క్యులర్ సారు అంటారు. రిటైరైన మనిషి. ఏ ఆఫీసులో పనిచేశాడో గానీ ఆయన వెళ్లిపోయిన రోజు ఆ ఆఫీసు హాయిగా ఊపిరి పీల్చుకుని ఉంటుంది. ఇప్పుడు ఆ ఊపిరి ఆడనిది ఇక్కడ, లిఫ్టులో.

మేడను ఊడ్చి, కడిగి, కుండీలకు నీళ్లు పోసే మనిషిని అందరూ మిద్దెక్క అంటారు. పదకొండేళ్లుగా ఇదే పని. పనితో పాటు కింద సెల్లారులో, నీళ్ల మోటారు పక్కన ఒక గది ఇచ్చారు. మొగుడు లారీ మీద తిరుగుతాడు, నెలకోసారి కనిపిస్తే గొప్ప. గదిలో ఉండేది మిద్దెక్క, మోకాళ్లు అరిగిపోయిన అత్త. పని పోతే గదీ పోతుంది. నాలుగడుగులు వెయ్యలేని అత్తను ఎత్తుకుని ఎక్కడికి పోవాలో మిద్దెక్కకు తెలియదు.

మిద్దెక్కకు తెలిసినది ఇంకొకటుంది. ఇక్కడికి రాకముందు ఆరేళ్లు ఆమె సోఫాలు కుట్టే షెడ్డులో చేసింది. స్పాంజి ఎంత నీరు తాగుతుందో, ఎలా కక్కుతుందో ఆమె చేతులకు తెలుసు. ఈ విషయం కమిటీలో ఎవరూ ఆమెను అడగలేదు. ఊడ్చే మనిషిని ఏమడుగుతారు?

సర్క్యులర్ సారు రూలు ఇది. సోమ, బుధ, శుక్రవారాలు మెత్తలు కడగాలి. రోజూ సాయంత్రం ఐదు గంటలకు ఇరవై నాలుగు మెత్తలూ కుర్చీల్లో వరసగా ఉండాలి, మీద లోపలిది కనిపించే ప్లాస్టిక్ కవర్లు బిగించి ఉండాలి, ఫొటో తీసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఐదు దాటి ఐదు నిమిషాలైతే ఆయన నుంచి మిద్దెక్కకు ఫోను వచ్చేది.

మొదటి వారంలోనే మిద్దెక్క చెప్పింది.

“సారూ, పొద్దున కడిగిన మెత్త సాయంత్రానికి ఆరదు. పైబట్ట ఆరుతుంది, లోపల స్పాంజి ఆరదు. జిప్పు కిందికి వచ్చేలా నిలబెట్టాలి, నీళ్లు జారిపోవాలి, నాలుగు వైపులా గాలి తగలాలి. తడి మీద కవరు కప్పితే లోపల ఉడికిపోతుంది.”

“నువ్వు గట్టిగా పిండు.”

“పిండితే స్పాంజి చిరుగుతుంది సారూ. నొక్కాలి గానీ పిండకూడదు. మంచి ఎండైతే రెండు రోజులు, లేదంటే మూడు.”

“ఐదింటికి ఫొటో వెళ్లాలమ్మా.”

“ఫొటోలో తడి కనపడదు సారూ.”

“అయితే నీకేంటి ఇబ్బంది?” అన్నాడాయన.

పని చేసే చేతిని నమ్మరు, ఫొటోను నమ్ముతారు. చదువెక్కువైనవాళ్లు.

అందుకని రోజూ ఐదింటికి ఫొటో వెళ్లింది. ముప్పై ఇళ్ల నుంచి బొటనవేళ్లు లేచాయి. ఒకాయన ‘సూపర్’ అని రాసేవాడు. ఆయన మేడ మెట్లు ఎక్కి చూసిన పాపాన పోలేదు.

రెండో నెలలో మెత్తల మీద నల్లని చుక్కలు వచ్చాయి. ఆవగింజంత, తర్వాత మిరియమంత. ముక్కిపోయిన వాసన. మిద్దెక్క గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు, కాస్త వెనిగర్ కలిపి మెత్తని బ్రష్షుతో రుద్దింది. చుక్కలు పోయాయి. నాలుగు రోజులకు మళ్లీ వచ్చాయి. రావా మరి? బూజు ఇల్లు లోపల, గుమ్మం మాత్రం కడుగుతున్నారు.

సర్క్యులర్ సారు ఆలోచించాడు. మేడ మీద మంచు పడుతోందని తేల్చాడు. కవరు మీద ఇంకో కవరు తెప్పించాడు, అదీ లోపలిది కనిపించేదే, ముందుదాని కన్నా మందంది. ఇప్పుడు మెత్తకు రెండు చొక్కాలు. చలికాలం మనిషికి కూడా అంత భద్రత లేదు. చుక్కలు గోళీలంత అయ్యాయి.

మంగళవారం పొద్దున లిఫ్టులో, సరిగ్గా మనిషి మొహం ఎత్తులో, నోటీసు పడింది. ‘మేడ మీది మెత్తలు పాడవడానికి కారణం పారిశుధ్య సిబ్బంది చేతకానితనం, మురికి నీళ్ల వాడకం. ఆదివారం కమిటీ తనిఖీ. అప్పటికి మచ్చలు పోకపోతే సోమవారం నుంచి సదరు మనిషి పనిలోకి రానక్కరలేదు. గది ఖాళీ చేయవలెను.’

పారిశుధ్య సిబ్బంది అంటే అక్కడ ఒకే ఒక్క మనిషి. ఆమె ఆ నోటీసును లిఫ్టు తుడుస్తూ చదువుకుంది.

గదిలో అత్తకు చెప్పింది. అత్త మంచం మీద కాళ్లకు నూనె రాసుకుంటోంది.

“ఏమే, నువ్వు నోరు మూసుకుని పని చేస్తావా, మూసుకోకుండా చేస్తావా?”

“చెప్పాల్సింది చెప్పానత్తా.”

“అదే మరి. ఆ మెత్తలకు జిప్పులున్నాయంటావు కదా, ఒకటి తీసి నీ నోటికి కుట్టించుకో.”

“నవ్వు రావట్లేదత్తా. ఆదివారం తర్వాత ఎక్కడుంటాం మనం?”

అత్త నూనె గిన్నె పక్కన పెట్టింది. “మచ్చలు ఎటు వైపున్నాయే?”

“పైన.”

“కింది వైపు?”

“కింద లేవు.”

“మరి తిప్పి పెట్టు. మీ సారు చూసేది ఫొటోయే కదా. ఫొటోకి వీపుంటుందా?”

మిద్దెక్కకు ఇది నచ్చలేదు. అయినా గురువారం నాడు ఇరవై నాలుగు మెత్తలూ తిప్పి పెట్టి ఐదింటికి ఫొటో పంపింది. బొటనవేళ్లు జోరుగా లేచాయి. సర్క్యులర్ సారు పెద్ద పేరా రాశాడు. ‘చూశారా? మందలిస్తే పని దానంతటదే జరుగుతుంది. మచ్చలు పూర్తిగా పోయినవి. క్రమశిక్షణ ఫలితం.’

అది చదివి అత్త పడీపడీ నవ్వింది. మిద్దెక్క నవ్వలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు ఆమెకు. తప్పు చెయ్యకుండా ఏడు నెలలు తిట్లు తింది, ఒక్క రోజు మోసం చేస్తే మెచ్చుకున్నారు. ఇదేం కొలువు?

ఆదివారం పొద్దున కమిటీ మేడ ఎక్కింది. ప్రెసిడెంటు మేడమ్, సర్క్యులర్ సారు, ఐదో అంతస్తు పళ్ల డాక్టరు, మూడో అంతస్తు పెద్దావిడ, ఇంకో ఎనిమిది మంది. రెండు కవర్లూ ఒలిచారు. మెత్తలు మీగడలా మెరిశాయి.

“మీటింగు ఇక్కడే పెడదాం. ఏడు నెలలకు మనమూ ఒకసారి కూర్చుందాం,” అంది ప్రెసిడెంటు మేడమ్.

“కూర్చోకండి మేడమ్,” అంది మిద్దెక్క. “లోపల తడి ఉంది. మొన్న శుక్రవారం కడిగినవి, అదే రోజు కప్పించారు.”

సర్క్యులర్ సారు ఒక మెత్త మీద అరచెయ్యి పెట్టి చూశాడు. అరచెయ్యిని అందరికీ చూపించాడు. “పొడిగా ఉంది. ఈమె ప్రతిదానికీ ఏదో ఒకటి అంటుంది. కూర్చోండి, కూర్చోండి.”

పన్నెండు మందీ కూర్చున్నారు. సర్క్యులర్ సారు కాగితం తీశాడు. “మొదటి అంశం. సదరు మనిషిని పనిలో ఉంచాలా, తీసేయాలా. మచ్చలు పోయాయి కాబట్టి ఈసారికి క్షమించి, రాతపూర్వకంగా హెచ్చరించి…”

“ఏమండీ సెక్రటరీ గారూ,” అంది పెద్దావిడ.

“ఒక్క నిమిషమమ్మా. హెచ్చరించి, ఇకపై…”

“నిమిషం ఆగే విషయం కాదు నాయనా. నా కింద ఏదో చల్లగా ఉంది. ఈ వయసులో నాకు అనుమానం రాదా? నేనేనా అని చూసుకుంటున్నా.”

“అయ్యో, మీరు కాదండీ,” అన్నాడు పళ్ల డాక్టరు నెమ్మదిగా. “నాకూ ఉంది.”

పన్నెండు మందీ ఒక్కసారి లేచారు. ఏడు నెలల నీరు పైకి వచ్చింది. పన్నెండు మంది బట్టల వెనక పన్నెండు గుండ్రని మచ్చలు, ఒకరి వెనక ఒకరు చూసుకుంటున్నారు. వాసన గుప్పుమంది. ప్రెసిడెంటు మేడమ్ ముక్కు మూసుకుని ఒక మెత్తను కాలితో నెట్టింది. అది తిరగబడింది. గోళీలంత నల్లని చుక్కలు ఆకాశం వైపు చూశాయి.

“మోసం!” అన్నాడు సర్క్యులర్ సారు. “తిప్పి పెట్టింది!”

“అవును సారూ, తిప్పాను,” అంది మిద్దెక్క. “గురువారం తిప్పాను. క్రమశిక్షణ ఫలితం అని మీరే రాశారు.”

పెద్దావిడకు నవ్వాగలేదు. కొంగుతో నోరు మూసుకుంది.

మిద్దెక్క బకెట్టు తెచ్చింది. ఒక మెత్త జిప్పు లాగి, స్పాంజి బయటికి తీసి, రెండు అరచేతులతో బకెట్టు మీద నొక్కింది. పచ్చటి నీళ్లు కారాయి. ఆగలేదు. ఒక్క మెత్తకే బకెట్టు అడుగు నిండింది. తర్వాత చేతులు తుడుచుకుని ఫోను తీసింది.

“ఇదిగో మేడమ్. సోమవారం పదకొండింటికి కడగమన్నారు, ఐదింటికి కప్పమన్నారు. ఫొటో ఉంది. బుధవారం అంతే. శుక్రవారం అంతే. ఏడు నెలల ఫొటోలున్నాయి, అన్నీ సారు అడిగితే పంపినవే. ఇందులో నా తప్పు ఏ రోజుదో చూపించండి, ఇప్పుడే గది ఖాళీ చేస్తాను.”

కొందరు ఆకాశం వైపు చూశారు. కొందరు నడుము వెనక చేతులు పెట్టుకుని మెట్ల వైపు చూశారు.

“సరే, అయిందేదో అయింది,” అంది ప్రెసిడెంటు మేడమ్. “ముందు వీటిని ఆరబెట్టు. నోటీసు సంగతి తర్వాత చూద్దాం.”

“నోటీసు సంగతి ముందు మేడమ్. చేతకాని మనిషి అని లిఫ్టులో రాసి పెట్టారు. వచ్చినవాళ్లు, పోయేవాళ్లు, పాలవాడు, పేపరువాడు అందరూ చదివారు. చేతకాని మనిషితో మెత్తలు ఆరబెట్టించుకుంటారా? అది తీసెయ్యండి, చేస్తాను. అప్పటిదాకా నేల ఊడుస్తాను, మొక్కలకు నీళ్లు పోస్తాను. మెత్త ముట్టను.”

కమిటీ గుసగుసలాడింది. కింది మనిషికి లొంగితే రేపు అందరూ నెత్తికెక్కి కూర్చుంటారని ఒకాయన అన్నాడు. తడిసిన ప్యాంటుతో అంత మాట అనగలిగాడంటే ఆయన గుండె ధైర్యం మెచ్చుకోవాలి. చివరికి నోటీసు ‘పరిశీలనలో’ ఉంచాలని, తలా రెండేసి మెత్తలు ఇంటికి తీసుకెళ్లి బాల్కనీలో ఆరబెట్టుకోవాలని తీర్మానించారు.

ముప్పై ఇళ్లలో ఒక్కరికీ తడి మెత్తను ఎలా ఆరబెట్టాలో తెలియదు. అందరూ బాల్కనీ గోడ మీద బోర్లా పరిచారు. ఐదో అంతస్తు మెత్త నాలుగో అంతస్తు ఉతికిన బట్టల మీద కారింది. నాలుగోది మూడోవాళ్ల కాఫీ కప్పులో కారింది. ఒకావిడ హెయిర్ డ్రయ్యరు పెట్టి కాల్చింది. ఒకాయన ఇస్త్రీ చేశాడు, పైబట్ట ఇస్త్రీ పెట్టెకు అంటుకుపోయింది. ప్రెసిడెంటు మేడమ్ బ్లీచింగు పోసింది, మీగడ రంగు చచ్చి మెత్తలు అట్టల్లా తయారయ్యాయి. మంగళవారానికి మెట్ల మీద రెండిళ్ల మధ్య కేకలు లేచాయి. ముక్కిన వాసన ఇప్పుడు మేడ దిగి పడకగదుల్లోకి వచ్చింది. గ్రూపులో బొటనవేళ్లు మాయమై, ప్రశ్నలు మొదలయ్యాయి. ప్రశ్నలన్నీ సర్క్యులర్ సారుకే.

బుధవారం మధ్యాహ్నం ఆయన సెల్లారు మెట్లు దిగాడు. ఆ గదికి ఆయన రావడం అదే మొదటిసారి. తల వంచకుండా గుమ్మం దాటబోయి నుదురు కొట్టుకున్నాడు.

“కూర్చోండి బాబూ,” అని అత్త బకెట్టు బోర్లించి చూపించింది. “పొడిదేలెండి.”

ఆయన కూర్చున్నాడు. జేబులోంచి మడతపెట్టిన నోటీసు తీశాడు. “లిఫ్టులోంచి తీసేశాను.”

“తీశారు సరే సారూ,” అంది మిద్దెక్క. “చదివినవాళ్ల బుర్రలోంచి ఎలా తీస్తారు? గ్రూపులో రాయండి.”

“ఏమని?”

“తడి మీద కవరు కప్పించింది మీరని.”

సర్క్యులర్ సారు ఫోను తీసి గ్రూపు తెరిచాడు. జీవితమంతా ఇతరుల తప్పులు రాసిన చెయ్యి. “వాతావరణం వల్ల అని రాస్తే?”

“వాన వచ్చి కవరు కప్పి వెళ్లిందా సారూ?”

“కమిటీ నిర్ణయం వల్ల అంటే?”

“కమిటీ ఐదింటికి నాకు ఫోను చేసిందా?”

అత్త మంచం మీద నుంచి, “రాయి నాయనా, నలుగురు తిట్టేది నాలుగు రోజులే. మాకైతే గది పోయేది,” అంది.

ఆయన టైపు చేశాడు. చెరిపాడు. మళ్లీ చేశాడు. చెమట తుడుచుకుని పంపాడు. మిద్దెక్క ఫోను ఠంగుమంది. ఆమె పైనుంచి కింది దాకా, పెదవులు కదిలిస్తూ, తొందర లేకుండా చదివింది. తడి మెత్తలపై కవర్లు వేయించినది తానేనని, సిబ్బంది ముందే చెప్పారని, చింతిస్తున్నానని ఉంది. బాగానే ఉంది.

ఆయన లేచి నిలబడ్డాడు. “ఇక పైకి వస్తావా?”

“ఒక మాట రాయలేదు సారూ.”

“ఇంకేముంది?”

“పని తీసేయట్లేదని. గది మాదేనని. అది లేకుండా మిగతాదంతా మీ మంచితనం మాత్రమే.”

సర్క్యులర్ సారు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. పైన ఎవరో ఎవరినో మెత్త విషయంలో తిడుతున్నారు, ఆ గొంతు మెట్ల మీద నుంచి స్పష్టంగా దిగుతోంది. ఆయన తిరిగొచ్చి బోర్లించిన బకెట్టు మీద మళ్లీ కూర్చుని, కళ్లజోడు సవరించుకుని, “చెప్పమ్మా, నువ్వే చెప్పు, రాస్తాను,” అన్నాడు.

మిద్దెక్క చెప్పడం మొదలుపెట్టింది.