మడత కొయ్యని పేజీలు

మార్జిన్ మాస్టారు స్టాఫ్ రూములో కూర్చుని పన్నెండో మడతలోకి చాకు దూర్చి, ఊపిరి బిగబట్టి కోశారు. పూర్వం కొన్ని పుస్తకాలను కాగితాల మడతలు కొయ్యకుండానే బైండు చేసేవారు. చదివేవాడే కోసుకుంటూ పోవాలి. ఇది ఎవరూ ఎరగని ఒక కవయిత్రి ఇంగ్లీషు కవితల పుస్తకం. తొంభై ఏళ్లుగా ఒక్క మడతా విడలేదు. అంటే ఆమెకు తొలి పాఠకుడు తనే. ఆ ఊహకే ఆయన మొహం చాటంతయింది.

పొద్దున క్లాసులో ఈ సంగతి చెబితే వెనక బెంచీలు ఆవులించాయి. ముప్ఫై మూడేళ్లుగా చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఆయనకు అలవాటే. ఏ పుస్తకం దొరికినా పక్క ఖాళీలో పెన్సిల్‌తో తెలుగులో ఏదో ఒకటి గీకడమూ అలవాటే. మార్జిన్ మాస్టారన్న పేరు అలా వచ్చింది. "దీన్నైనా బతకనివ్వండి మాస్టారూ," అంది లైబ్రేరియన్ పుస్తకం ఇస్తూ.

పెళ్లయిన కొత్తలో భార్య, "ఏం చదువుతున్నారండీ? నాకూ చెప్పొచ్చుగా," అనేది. "నీకు అర్థం కాదులే," అనేవారు. అడిగీ అడిగీ ఆవిడ మానేసింది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆయన మనసు చివుక్కుమంటుంది.

కోసిన పన్నెండో మడత విప్పారు. పక్క ఖాళీలో పెన్సిల్ రాత ఉంది. "బాగుంది. రెండోసారి చదవాలి."

తెలుగు. ఎడమకు వాలిన తన రాతే.

తొలి పాఠకుడినన్న సంబరం కాస్తా నీరుగారిపోయింది. కోసిన కాగితం పొట్టు ఇంకా ఆయన చొక్కా మీదే ఉంది. తర్వాతి మడత కోశారు. "ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోంది. పట్టించుకోకు." నిజంగానే తిమ్మిరిగా ఉంది. మూసేద్దామనుకున్నారు గానీ చేతులు మాట వినలేదు. ఇంకో మడతలో నాలుగే పంక్తుల కవిత. పక్కన: "ఇది ఆవిడకు చెప్పు. ఇప్పుడే."

ఇంటికి ఫోన్ చేశారు.

"ఏమైందండీ, ఈ వేళప్పుడు?"

"ఏం లేదు. ఒక కవిత ఉంది. విను."

"నాకా?" అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆయన ఒక్కో పంక్తీ తెలుగు చేసి చెప్పారు. తలుపు గడియ పెట్టకు. నేను రాలేకపోయినా నా అడుగులు వస్తాయి. వాటికి దారి ఎప్పుడూ తెలుసు. నాకే ఆలస్యంగా తెలిసింది.

"అర్థమైందండీ," అంది ఆవిడ.

"ఎప్పుడో చెప్పాల్సింది," అన్నారాయన. ప్రాణం తేలికపడింది. ఫోన్‌ని కట్ చెయ్యకుండానే పుస్తకం మీద పెట్టి, బల్ల మీదికి తల వాల్చి కళ్లు మూసుకున్నారు. వరండాలో బెల్లు మోగింది. ఆయన లేవలేదు.

"ఏవండీ... గుమ్మంలో మీ చెప్పుల చప్పుడేనా? అప్పుడే వచ్చేశారా?" అని అడుగుతూనే ఉంది, కొయ్యని పేజీల మీద వెలుగుతున్న ఫోను.