ఆరు నిండాయి

మా అత్తయ్య ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు మీద వంగి పనిచేశారు. రిటైరయ్యాక ఆ పని ఇంటికే వచ్చింది. భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని, స్లైడుల ఫోటోల్లో ఏది ఏ కణమో గుర్తులు పెడుతూ ఆ ల్యాబు వాళ్ళ యంత్రానికి నేర్పుతారు. దానికి బుడంకాయ్ అని పేరు కూడా పెట్టారు. మా ఆయనకి ఎక్కాలు నేర్పిన దానికంటే ఇదే తేలికట, అలగదట.

ఆ రోజు మూడు దాటాక ఆవిడ శిష్యురాలు ఫోన్ చేసింది. ఇప్పుడు అత్తయ్య కుర్చీలో కూర్చునే డాక్టరు తనే. వేరే ఊరి నుంచి ఆరేళ్ళ పిల్ల ఎముక మూలుగ స్లైడు ఒకటి వచ్చిందట. పిల్లకి రక్తం బాగా తగ్గిపోతే తీసి పంపారు. బుడంకాయ్ దాని నిండా ఎర్ర సున్నాలు చుట్టి, రక్త క్యాన్సర్ అనుమానం అంది. నాలుగింటికి అక్కడి డాక్టరు తల్లిదండ్రులతో మాట్లాడాలి. ఈలోగా మేడమ్ ఒకసారి చూస్తే ధైర్యం అంది.

అత్తయ్య కళ్ళజోడు మార్చుకుని చూశారు. మళ్ళీ చూశారు. నేను మా పాపని చంకనేసుకుని వెనక నిలబడ్డాను. తెర నిండా ఊదారంగు చుక్కలు, ఇసుక వేస్తే రాలనట్టు.

"ఆరేళ్ళ పిల్లకి ఇంత రద్దీ ఉండకూడదు. కానీ చూడు, ఈ కణాలకి పెరిగే తొందరుంది గానీ పక్కవాటితో తోపులాట లేదు" అన్నారు.

నాకేం తెలుసు, ఊ కొట్టాను. గడియారం మూడున్నర దాటింది. ఆవిడ పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు.

అంతలో టీకాల నర్సు నుంచి నాకు ఫోన్. పాపకి ఎన్ని నిండాయని అడిగింది.

"తొమ్మిది నిండాయండీ" అన్నాను.

పెట్టేశాక చూస్తే అత్తయ్య నన్నే చూస్తున్నారు.

"తొమ్మిదేమిటి?"

"నెలలేగా అత్తయ్యా. ఆవిడకి తెలీదా?"

"ఆవిడకి తెలుసు. బుడంకాయ్‌కి నీ చంకలో పిల్ల కనబడదు."

వెంటనే శిష్యురాలికి ఫోన్ కలిపారు. కాగితం మీద వయసు ఎలా రాసుందో ఉన్నదున్నట్టు చదవమన్నారు. ఒట్టి ఆరు అని ఉందట, పక్కన ఇంకేం లేదు. ఆ ఊరికి ఫోన్ చేసి తేల్చుకోమన్నారు. పది నిమిషాల్లో జవాబొచ్చింది. ఆరు నెలలు. పసిపిల్లల మూలుగలో అలాంటి లేతకణాలు గుంపులుగా ఉండటం మామూలేనట. వయసు దిద్ది మళ్ళీ చూపిస్తే బుడంకాయ్ సున్నాలన్నీ తీసేసి రెండే ఉంచింది. ఆ రెండింటి కోసం ఇంకో పరీక్ష చేయించమనీ, అది తేలేదాకా ఆ తల్లి దగ్గర క్యాన్సర్ మాట ఎత్తొద్దనీ అత్తయ్య గట్టిగా చెప్పారు.

మూడోనాడు తేలింది. ఇనుము లోపం, అంతే. చుక్కల మందుతో సరిపోయింది.

నేను యంత్రాన్ని రెండు మాటలన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు.

"దాన్నేం అనకు. ఏ పిల్ల ఎంతదో నాకు తెలిసే గుర్తులు పెట్టాను. అడగడం మాత్రం నేర్పలేదు."

ఏళ్ళో నెలలో రోజులో రాయకపోతే బుడంకాయ్ ఇక స్లైడు ముట్టుకోకుండా చేయమని ఆ రోజే ల్యాబుకి ఉత్తరం రాశారు. తరవాత ఆ ఫోటోలో ఒక్కో చుక్కకీ ఓపిగ్గా గుర్తులు పెట్టి, కింద ఇలా రాశారు: "ఆరు నెలలు. పెరుగుతోంది."

పాప వంగి మీటల మీద ఒక్క చరుపు చరిచింది. ఆ మాట వెనకాల గజిబిజిగా ఏడెనిమిది అక్షరాలు పడ్డాయి. అత్తయ్య నవ్వి, వాటిని చెరిపేముందు పాపకి ఒకసారి చదివి వినిపించారు.