సుక్క చుట్టూ నేను

నేను ఒక నల్లరంగు మైనపు దిమ్మను. అగ్గిపెట్టె కంటే కాస్త చిన్నగా, నాలుగు మూలలూ పదునుగా ఉండేదాన్ని. ఇప్పుడలా లేను, ఆ సంగతి తర్వాత చెప్తాను. పిల్లలు బొమ్మలకు రంగు వేసుకునే క్రేయానే నేనూ, కాకపోతే పుల్లలా సన్నగా కాకుండా దిమ్మలా పుట్టాను. తేనెపట్టు మైనం కరిగించి, రంగుపొడి కలిపి, అచ్చులో పోసి చల్లార్చారు. అంతకుముందు సంగతులు సరిగా గుర్తులేవు. కాస్త వెచ్చగా అనిపించినప్పుడు మాత్రం ఏదో జుంయ్ మనే చప్పుడూ, పేరు తెలియని పూల వాసనా వస్తాయి. తేనెటీగల కాలం నాటి జ్ఞాపకాలు కాబోలు.

ఎనిమిది రంగులం ఒకే రేకు పెట్టెలో సర్దుకుని హైదరాబాదు శివార్లలోని వాల్డార్ఫ్ అనే విదేశీ పద్ధతిలో నడిచే ఒక బడికి వచ్చాం. నాకెంత సంబరమో! ఏ బొమ్మలో కాకినవుతానో, ఏ బొమ్మలో జడనవుతానో అని దారంతా కలలే. ఒకటో తరగతి మొదలయ్యే ముందురోజు వారిజ అక్క పెట్టెలన్నీ బల్ల మీద పరిచింది. ఆ బడిలో టీచర్లను పిల్లలు అక్కా అనే పిలుస్తారు. ఒక్కో పెట్టె తెరిచి, నల్ల దిమ్మను తీసి పక్కన పెట్టి, మళ్ళీ మూసింది. అలా ఇరవైమూడు పెట్టెల్లోంచి ఇరవైమూడు నల్లవాళ్ళం బయటపడ్డాం. చిన్నపిల్లలకు నలుపు బరువట. వెలుగులోంచి వచ్చే రంగులతోనే వాళ్ళు పెరగాలట. తను శిక్షణలో అలాగే నేర్చుకుందట. మమ్మల్ని ఉస్మానియా బిస్కెట్ల ఖాళీ డబ్బాలో పోసి, మూత నొక్కి, తరగతిలోనే అద్దాల బీరువా పైఅరలో పెట్టింది.

హవ్వ, ఎంత చోద్యం! ఆమె కళ్ళకు కాటుక. ఆమె జుట్టు నలుపు. రోజూ రంగు సుద్దలతో కొండలూ నెమళ్ళూ గీసేది నల్లబల్ల మీద. పిల్లలకు దిష్టి తగలకూడదని తల్లులు చెవి వెనక పెట్టి పంపేది నల్లచుక్క. ఇంతమందికి ఇన్ని విధాల కావలసిన నలుపు కాగితం మీద మాత్రం బరువైపోయింది. మనుషులతో వాదించడానికి మాకు నోరెక్కడిది?

డబ్బా మూతకు ఒకపక్క చిన్న సొట్ట ఉంది. ఆ సందులోంచి గుక్కెడు వెలుతురూ, తరగతి మాటలన్నీ లోపలికొచ్చేవి. మూడేళ్ళు ఆ సందు పక్కనే పడుకున్నాను. పొద్దున్నే వారిజ అక్క గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి లోపలికి పంపేది. సాయంత్రం వెళ్ళేటప్పుడూ అంతే, చెయ్యి కలపకుండా ఎవరూ గడప దాటకూడదు. పొద్దున అందరూ లోపలికొచ్చాక దీపం, పాట, పిల్లనగ్రోవులు. ఇరవైమంది ఒక స్వరం వాయిస్తే ముగ్గురు ఇంకోటి వాయించేవారు. ఆ వాయిద్యాలకు జోగుతూ, నేను కోయిలనైనట్టూ, తారు రోడ్డునైనట్టూ, ఒకసారి ఏకంగా అమావాస్యనైనట్టూ కలలు కన్నాను. మూడేళ్ళు నిద్రపోతే మీరూ అలాంటివే కంటారు.

ఆ గొంతుల్లో నాకు బాగా అలవాటైంది రేణుకది. బడికి పాలు పోసే అయిలయ్య కూతురు. మిగతా పిల్లలు కార్లలో దిగితే ఈ పిల్ల తండ్రి బండి మీద రెండు పాలక్యాన్ల మధ్య కూర్చుని వచ్చేది. తన రంగుల పెట్టెలో నల్లదిమ్మ ఉండాల్సిన ఖాళీ గడిలో ఒక చింతగింజ పెట్టుకుందట. ఆ గడి నాదేనని నా నమ్మకం. ఇరవైమూడింటిలో ఎలా తెలుసంటారా? తెలుసంతే!

మూడో తరగతిలో వ్యవసాయం పాఠం వస్తుంది. పిల్లలు బడి వెనక మడిలో జొన్నలు వేసి, కోసి, దంచి, రొట్టెలు కాల్చారు. ఆ వాసనకు డబ్బాలో మాకే నోరూరింది. దీపావళి ముందు అందరూ కాగితాల మీద పశువుల కొట్టం బొమ్మ వేశారు. ఆ బడిలో అచ్చు పుస్తకాలుండవు, పిల్లలు రాసి, గీసిన కాగితాలనే ఏడాది చివర పుస్తకాలుగా కుడతారు. రేణుక కొట్టం వేసింది, గడ్డివామి వేసింది, కుడితి తొట్టి వేసింది. మధ్యలో తన బర్రె ఉండాల్సిన చోట మాత్రం గీత గీసి లోపల తెల్లగా వదిలేసింది.

"బర్రెకు రంగెయ్యలేదేమ్మా?" అంది వారిజ అక్క.

"నలుపు ఇయ్యుండ్రి అక్కా, ఏస్తా."

"నీలం మీద ఎరుపు, దాని మీద ఆకుపచ్చ రుద్ది చూడు. చక్కటి ముదురు రంగొస్తుంది."

చిత్తుకాగితం మీద కాసేపు రుద్దిన చప్పుడైంది. తర్వాత రేణుక గొంతు. "గిది వంకాయ రంగు అక్కా. మా సుక్క వంకాయ లెక్కుండదు."

తరగతంతా గొల్లుమంది. డబ్బాలో మేమూ నవ్వుకున్నాం. సుక్క అంటే వాళ్ళ బర్రె పేరు. నుదుటి మీద తెల్లమచ్చతో పుట్టిందని ఆ పేరు పెట్టారట. ఈ పిల్లా, అదీ ఒకే ఏడు పుట్టారట. మళ్ళీ క్రిస్మస్ సెలవుల ముందు అడిగింది రేణుక. హోలీ అప్పుడూ అడిగింది. "పెద్ద తరగతికి వెళ్ళాక ఇస్తా తల్లీ" అనేది అక్క, మెత్తగానే. ఆ మెత్తదనానికి ఎదురు చెప్పడం ఎవరి తరం? పిల్లలు ఆ బొమ్మకు దయ్యం బర్రె అని పేరు పెట్టారు. రేణుక ఏడవలేదు, రంగూ వెయ్యలేదు.

ఏప్రిల్ వచ్చింది. ఆ బడిలో పరీక్షలూ ఉండవు, మార్కులూ ఉండవు. ఏడాది చివరి రోజు తల్లిదండ్రులు చాపల మీద కూర్చుని పిల్లల పుస్తకాలు చూస్తారు. టీచరు ఒక్కో పిల్లకూ విడిగా నాలుగు పాదాల పాట కట్టి ఇస్తుంది. వచ్చే ఏడాదంతా ప్రతి వారం, సోమవారం పుడితే సోమవారం నాడు, ఆ పిల్ల లేచి ఆ పాట చెప్పాలి. అయిలయ్యకు ఇదంతా మింగుడు పడేది కాదు. రెండేళ్ళూ చివరి రోజున ఒకటే ప్రశ్న వేశాడు. "అంత మంచిగనే ఉన్నది మేడం. ఇంతకు మా బిడ్డ పాసా, ఫేలా?"

చివరి రోజుకు ముందురోజు పిల్లలందరూ తరగతి కడిగి తుడిచే పని. బీరువా పైఅర రేణుక వంతు. స్టూలెక్కి డబ్బా ఎత్తింది. కింద స్నేహితురాలితో గుసగుసగా మాట్లాడుతోంది, అదంతా సందులోంచి నాకు వినపడుతూనే ఉంది. వాళ్ళ బర్రెలు మేసే బీడుకు కంచె వేశారట, ఇళ్ళు కడతారట. రేపు పొద్దున డీసీఎం వ్యాను వస్తుందట. బర్రెలన్నింటినీ జనగామ దగ్గర మేనత్త ఊరికి పంపేస్తున్నారట.

"ఫోటో తీస్కోరాదే" అంది స్నేహితురాలు.

"బాపు ఫోన్ల ఉన్నది. గని అండ్ల సుక్క నా బొటనేలంతనే ఉన్నది. జెరన్ని దినాలైతే యాదికుండదేమో అని బుగులైతుంది."

మూత ఊడింది. మూడేళ్ళ తర్వాత ఒక్కసారిగా అంత వెలుతురు! నాకు కళ్ళు తిరిగాయి. ఒక చిన్న చెయ్యి లోపలికొచ్చి నన్ను పట్టుకుంది. మళ్ళీ మూత పడింది, కానీ ఈసారి నేను బయటున్నాను. దొంగతనమే, కాదనను. దొంగసొత్తు నేనే కాబట్టి నాకు మహా ఆనందంగా ఉంది.

కానీ మైనం సంగతి రేణుక మరిచింది. ఏప్రిల్ ఎండ, చెమట పట్టిన గుప్పిట. గంటసేపు అలా బిగించి పట్టుకునేసరికి నా మూలలు మెత్తబడ్డాయి, నా రంగు ఆ అరచేతి గీతల్లోకి దిగింది. సాయంత్రం గుమ్మం దగ్గర వరస కదిలింది. తన వంతు వచ్చేసరికి రేణుక నన్ను ఎడమచేతిలోకి మార్చి, వీపు వెనక దాచి, కుడిచెయ్యి చాపింది.

వారిజ అక్క చెయ్యి కలిపింది, వదిలింది. తన అరచేతిని చూసుకుంది. నల్లగా ఉంది.

కుళాయి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది. "రెండో చెయ్యి చూపించు తల్లీ."

రేణుక చూపించింది. పక్కకు ఒరిగిపోయి, వేళ్ళ అచ్చులు పడి, నేను చూడ్డానికి ఎంత ఘోరంగా ఉన్నానో!

"అడగొచ్చు కదమ్మా" అంది అక్క. ఆ మాట అన్నాక తనకే ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"దీపావళికి అడిగిన. క్రిస్మస్‌కు అడిగిన. హోలీకి అడిగిన. ఇగ రేపు సుక్క పోతది అక్కా. మల్ల రాదు." అంతవరకూ ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. గట్టిగా, ముక్కు కారేలా ఏడ్చింది.

వారిజ అక్క గడప మీదే కూలబడింది. మిగతా పిల్లలు చెయ్యి కలపకుండానే ఆమెను దాటుకుంటూ వెళ్ళిపోయారు, మూడేళ్ళలో మొదటిసారి. ఆమె మొహం చూస్తే నాకు జాలేసింది, నిజం. మూడేళ్ళు నన్ను డబ్బాలో పెట్టింది మంచి మనసుతోనే కదా, ఎంత కోపం పెట్టుకుంటాం? కాసేపటికి లేచి లోపలికి వెళ్ళి, కుట్టడానికి పేర్చి ఉంచిన కట్టల్లోంచి రేణుక బర్రె బొమ్మ కాగితం వెతికి తీసుకొచ్చింది.

"రేపు పదింటికల్లా తెచ్చెయ్, పుస్తకం కుట్టాలి" అంది. నన్ను రేణుక గుప్పిట్లో పెట్టి మూసింది.

ఆ సాయంత్రం సంగతి చెప్పాలంటే నాకు ఇంకా మాటలు కుదరవు. కొట్టం ముందు నేల మీద పీట వేసుకుని, దాని మీద అట్టా, అట్ట మీద కాగితం పెట్టుకుని కూర్చుంది రేణుక. ఎదురుగా సుక్క. అంతకుముందు నేను బర్రెను చూసి ఎరగను. ఎంత నలుపు! పొద్దు గూకే ఎండ ఆ వీపు మీద పడి అటూ ఇటూ జారుతోంది. నా రంగు నడుస్తుంది, నెమరు వేస్తుంది, తోకతో ఈగలను తోలుతుంది! నన్ను చూసి ముక్కు ముందుకు చాపి ఒకసారి ఊపిరి వదిలింది కూడా, తినేదేమో అనుకుని.

రేణుక నన్ను అడ్డంగా పట్టుకుని, వెడల్పు పక్కతో మెల్లగా రుద్దింది. వీపు, పొట్ట, మోకాళ్ళు, మెలి తిరిగిన కొమ్ములు. ఒక్కో గీతకూ నేను కొంచెం అరిగాను, సుక్క కొంచెం వచ్చింది. అయిలయ్య పాలు పిండడం ఆపి వెనక నిలబడ్డాడు. కూతురు బడిలో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్తుంటే విన్నాడు. నుదురు దగ్గరికొచ్చేసరికి రేణుక చెయ్యి నిదానించింది. నా మూలతో చింతగింజంత చోటు చుట్టూ తిప్పి, లోపల ముట్టుకోకుండా వదిలేసింది. అంతే, కాగితం మీంచి సుక్క మా ముగ్గురి వైపూ చూసింది.

తెల్లారి డీసీఎం వచ్చింది, వెళ్ళింది. దాని గురించి చెప్పను. ఖాళీ కొట్టంలో రేణుక కుడితి తొట్టి పట్టుకుని నిలబడితే, జేబులో నేను ఆమె తొడకు అదుముకుని ఉన్నాను.

పదకొండింటికి బడిలో చాపలు పరిచారు. అప్పుడే కుట్టిన పుస్తకాలు వరసగా పెట్టారు. అయిలయ్య ఆలస్యంగా వచ్చాడు, చొక్కాకు ఇంకా గడ్డిపరకలు అంటుకునే ఉన్నాయి. వారిజ అక్క ఒక్కొక్కరినీ పిలిచి పాట చదివి ఇస్తోంది. రేణుక కోసం ఇంద్రధనుస్సు మీద ఏదో రాసి ఉంచుకుందట. నిన్న ఇంటికెళ్ళి దాన్ని కొట్టేసి మళ్ళీ రాసిందట. ఇదీ ఆ పాట:

ఖాళీ చోటును కాచావు,
కాదన్నా నువ్వడిగావు,
రాత్రి రంగు చేతబట్టి
చుక్కను ఇంటికి తెచ్చావు.

అయిలయ్య పుస్తకం తిప్పుతున్నాడు. జొన్నమడి, దంచుడు రోలు, రొట్టెలు. ఆ తర్వాత పేజీలో ఆగాడు. వారిజ అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"ఈసారి అడగరేం అయిలయ్య గారూ? పాసా, ఫేలా అని?"

అయిలయ్య తల ఎత్తలేదు. "నా బిడ్డ సంగతి నాకెర్కనే మేడం. ఈసారి మీరే పాసైన్రు."

ఆమె నవ్వబోయింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి, కాటుక చెదిరి చెంప మీదికి కారింది. బయటికొస్తే నలుపు ఎవరి మాటా వినదు మరి. అయిలయ్య చూపుడువేలు చాపి, బొమ్మలోని సుక్క నుదుటి మీద మెల్లగా గోకాడు. రోజూ పాలు పిండే ముందు అలాగే గోకేవాడట. "ఇగ దీన్ని ఎవ్వలు పట్కపోరు" అన్నాడు, ఎవరితోనో తెలీదు. రేణుక వచ్చి తండ్రి భుజానికి ఆనుకుని నిలబడింది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో వారిజ అక్క రేణుక తండ్రికీ చెయ్యి కలిపింది. ఆమె అరచేతికి మళ్ళీ నలుపు అంటింది. ఈసారి కుళాయి వైపు చూడలేదు.

ఇప్పుడు నేను రేణుక పెట్టెలో, నా గడిలో, చింతగింజ పక్కన పడుకుని ఉన్నాను. నాలో పావు వంతు కూడా మిగల్లేదు, మూలలన్నీ గుండ్రమైపోయాయి. మిగతా ఇరవైఇద్దరినీ అక్క అదే రోజు డబ్బాలోంచి తీసి ఎవరి గళ్ళలో వాళ్ళను పెట్టేసింది. వేసవి సెలవులు, మధ్యాహ్నం వేడికి పెట్టెలో మళ్ళీ ఆ పూల వాసన వస్తోంది. మగతలో అప్పుడప్పుడూ సుక్క కనిపిస్తుంది, జనగామ దగ్గర ఎక్కడో నెమరు వేస్తూ. అరిగిపోయానని నా మీద జాలి పడకండి. ఆ బొమ్మలో వీపూ, పొట్టా, కొమ్ములూ అన్నీ నేనే. నుదుటి మీది ఆ చింతగింజంత చోటు మాత్రం నాది కాదు, అది రేణుక దీపావళి నుంచీ కాచి ఉంచిన కాగితం. అయిలయ్య గోకింది అక్కడే. వేలు పెద్దది, చోటు చిన్నది, అందుకే నేను ఆ వేలికి కాస్త అంటుకున్నాను.