పాముచెవులాయన పెట్టిన మెరుగు

ఆయన్ని అందరూ పాముచెవులాయన అనేవాళ్లు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఆయన మాత్రం దాన్ని ఇరవై ఏళ్లుగా బిరుదులా మోస్తున్నాడు. ఒకసారి పక్కింటి ఫ్రిజ్ మోటారు అరిగిపోతోందని గోడ ఇవతల కూర్చుని చెప్పాడట. ఆ సంగతి చెప్పేదీ ఆయనే, విని తలూపి మెచ్చుకునేదీ ఆయనే.

ఆయన పని గదులకు వైద్యం చెయ్యడం. జనం మంచి స్పీకర్లు ముచ్చటపడి కొనుక్కుని హాల్లో పెట్టుకుంటారు. తీరా పెట్టాక గోడలూ, అద్దాలూ, సోఫాలూ కలిసి పాటను తలోవైపుకీ లాగుతాయి. ఒక మూల డ్రమ్ము మోత గుయ్యిమంటుంది, ఇంకో మూల పాడే మనిషి డబ్బాలో తల పెట్టి పాడినట్టుంటుంది. దాన్ని సరిచెయ్యడానికి ఆయనా, ఆయన బావమరిదీ వెళ్లేవాళ్లు.

బావమరిది మైకును స్టాండుకు బిగించి, మనిషి కూర్చుంటే చెవి ఎక్కడుంటుందో సరిగ్గా అంత ఎత్తున నిలబెట్టేవాడు. లాప్‌టాప్‌లో మీట నొక్కగానే స్పీకర్లోంచి ఒక కూత బయల్దేరేది. నేల అదిరేంత బొంగురుగా మొదలై, పైపైకి పాకి, ఈలై, ఈలకన్నా సన్నమై, ఇరవై సెకన్లకు ఆగిపోయేది. ఆ ఇరవై సెకన్లూ గదిలో ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. బావమరిది అరచెయ్యి పైకెత్తి పట్టుకునేవాడు. తెరమీద గీత చివరికంటా వెళ్లాక దించేవాడు. ఇలా తొమ్మిది చోట్ల. గది ఏ స్వరాన్ని ఉబ్బిస్తోందో, దేన్ని మింగేస్తోందో లెక్క తేలాక, ఆ సవరణ వెళ్లి ఇంటివాళ్ల పాటల యాప్‌లో కూర్చునేది.

కొన్నేళ్లుగా ఈ కొలతల్లో ఒకటీ అరా పాడవుతూ ఉండేవి. చివర్లో ఏదో చప్పుడు పడిందని బావమరిది మళ్లీ మొదలుపెట్టేవాడు. కుక్క మొరిగిందనేవాడు, వీధిలో బండి వెళ్లిందనేవాడు. కూత ఆగినా వాడి చెయ్యి కిందికి దిగేది కాదు. చెయ్యి దించడానికి కూడా బద్ధకమేనా అని బావగారు ఇంటివాళ్ల ముందే వాణ్ణి ఆటపట్టించేవాడు. వాడు నవ్వేసి ఊరుకునేవాడు.

అయితే మైకు కొలతలు ఆయన దృష్టిలో వంటకు ముందు కూరగాయలు తరగడం లాంటివి. అసలు వంట తర్వాత. ఆయన సోఫాలో కాలుమీద కాలేసుకుని, కళ్లు మూసుకుని, తనకు ప్రాణమైన ఒక పాత పాట పెట్టించుకునేవాడు. యాప్‌లో సన్నటి స్వరాలను పెంచే ట్రెబుల్ గీతను వేలితో కాస్త పైకి జరిపేవాడు. ఇంకాస్త. అప్పుడు తల పంకించి ‘ఊఁ, ఇదీ’ అనేవాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు మెరుగు. మైకుకు వినపడుతుంది గానీ వినడం రాదని ఆయన సిద్ధాంతం. ఆ మెరుగంటే జనం చెవి కోసుకునేవాళ్లు. కనీసం ఆయన అలాగే అనుకున్నాడు.

ఒక మంగళవారం పొద్దున షాపులో టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఆ పాతపాట పెట్టుకున్నాడు. పాటమీద ఎవరో దుప్పటి కప్పినట్టు వినిపించింది. వైర్లు పీకి మళ్లీ పెట్టాడు. స్పీకర్లకు దుమ్ము దులిపాడు. చివరికి ఫోను తీసి చూస్తే, యాప్ తనంతట తానే అప్‌డేట్ అయి కూర్చుంది. చిన్నచిన్న లోపాలు సరిచేశాం, హాయిగా వినండి అని ఒక ముక్క రాసి పెట్టింది. లోపలికెళ్లి చూస్తే మైకు కొలతలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. చేత్తో పెట్టిన మెరుగుకు మాత్రం ఆనవాలు లేదు. ఆయన చెయ్యి పడ్డ ఇళ్లు అరవై రెండు. అన్నింట్లోనూ అదే యాప్.

యాప్ కంపెనీకి అంత పొడుగు మెయిల్ రాశాడు. మీ అభిప్రాయం మాకెంతో విలువైనదని రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. చదివిన మనిషెవడూ రెండు నిమిషాల్లో రాయలేడు గనక ఎవరూ చదవలేదని ఆయనకు అర్థమైంది. ఇక ఇల్లిల్లూ తిరిగి మళ్లీ మెరుగు పెట్టి రావాల్సిందేనని లేచాడు. బావమరిది నసిగాడు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు కదా, అప్పుడే తొందరేముంది అన్నాడు. పాపం, స్పీకర్లే పాడయ్యాయనుకుని బాధపడుతుంటారురా అని వాణ్ణి కసిరి, ఆయన ముందుగా పాటల టీచరమ్మకు ఫోన్ చేశాడు.

ఆవిడ పిల్లలకు సంగీతం చెబుతుంది. నలభై దాటిన మనిషి, మాట మెత్తన, ఆయన పాత ఖాతాదారు. క్షమించమనీ, రేపే వచ్చి సరిచేస్తాననీ ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు.

“వద్దండీ,” అంది ఆవిడ. “ఇప్పుడు చాలా బాగుంది. మీతో చెప్పకూడదనుకున్నాను గానీ, ఇన్నాళ్లూ ‘స’ అన్నప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుండేది. పెట్టింది మీరు కదా, లోపం నా చెవుల్లోనే ఉందేమోనని సౌండు తగ్గించుకుని వినేదాన్ని.”

ఆయన సరేనమ్మా అని పెట్టేశాడు. ఆవిడకు మొదటినుంచీ చెవులు సున్నితమని తనకు తాను నచ్చజెప్పుకుని, ఇంకో ఖాతాదారైన ఎముకల డాక్టరుకు ఫోన్ చేశాడు. ఏం మాయ చేశారండీ, ఈ వారంలో మా ఆవిడ కూడా వచ్చి హాల్లో కూర్చుంటోంది, ఇదివరకు తలుపేసుకునేది అని డాక్టరు సంబరపడిపోయాడు. మూడో నంబరు ఆయన నొక్కలేదు. తల కొట్టేసినట్టయింది.

బావమరిది మూల స్టూలు మీద కూర్చుని, చిక్కుపడని వైరును చిక్కు తీస్తున్నాడు.

“నీకు తెలుసా?” అన్నాడు ఆయన.

వాడు వైరు పక్కన పెట్టాడు. లాప్‌టాప్ తెరిచి, పాడైపోయిన కొలతల్లోంచి ఒకటి తీశాడు. నాలుగేళ్ల కిందటిది. కూత బొంగురుగా మొదలైంది, పైకి పాకింది, ఈలైంది, సన్నమైంది, ఆగింది. వెంటనే ఆయన గొంతే వినిపించింది, హుషారుగా, దర్జాగా: ‘ఆఁ, అయింది. ఇంకోటి కానీ.’ తెరమీద గీత మాత్రం ఇంకా పైకి పోతూనే ఉంది. ఆయన గొంతు పడిన చోట గీతమీద ఒక గడ్డ లేచింది. దాన్ని దాటి కూడా గీత వెళ్లింది.

వాడు ఇంకోటి తీశాడు. అది రెండేళ్ల కిందటిది. అందులో కుర్చీ కిర్రుమంది, ఆయన గొంతు సవరించుకున్నాడు, గడ్డ ఇంకాస్త ముందే లేచింది. కిందటి నెలది పెట్టబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. కుక్క ఎవరో, బండి ఏదో ఆయనకు అర్థమైపోయింది. ఏటేటా తన చెవికి అందని దాన్ని గది మింగేస్తోందనుకుని, ఆ కొరతంతా తెచ్చి అరవై రెండు ఇళ్లలో కుమ్మరించాడు. వాళ్లు మర్యాదకు మింగారు.

“చెప్పొచ్చుగా,” అన్నాడు.

“అక్కతో చెప్పాను బావా. వద్దంది. చెబితే నీకు ఇంకేం మిగులుతుందంది.”

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండుననుకున్నాడు. ఇంట్లో ఈ మధ్య భార్య తనకు ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడటం, అది ప్రేమనుకుని తను మురిసిపోవడం గుర్తొచ్చి, సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. ఆ తర్వాత చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాడు. పోయిన స్వరాలు తిరిగి రావనీ, ఉన్నవి కూడా ఇలాగే ఉంటాయని మాటివ్వలేననీ డాక్టరు చెప్పాడు. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు స్పష్టంగా వినపడతాయట. పాటల సంగతి అడిగితే డాక్టరు కళ్లజోడు తుడుచుకున్నాడు.

నెల తర్వాత టీచరమ్మ ఫోన్ చేసింది. హాల్లో పుస్తకాల బీరువా ఇటునుంచి అటు మార్చిందట, మళ్లీ కొలవాలట. బావమరిదిని పంపిస్తానంటే ఒప్పుకోలేదు. మీరూ రావాలి, మీరు లేకుండా ఎలాగండీ అంది. ఆవిడది జాలో మర్యాదో ఆయనకు తెలియలేదు. రెండూ ఒకేలా వినపడుతున్నాయి ఈమధ్య.

వెళ్లాడు. బావమరిది మైకు నిలబెట్టాడు. ఆయన ఎప్పటిలాగే సోఫాలో కూర్చున్నాడు గానీ కాలుమీద కాలు వేసుకోలేదు, కళ్లు మూసుకోలేదు. వాడి అరచేతి మీదే చూపు నిలిపాడు. టీచరమ్మ గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది.

కూత మొదలైంది. అరికాళ్ల కింద నేల అదిరింది. ఆ అదురు పొట్టలోకి, గుండెలోకి ఎక్కింది. అంతవరకూ ఆయనదే. ఆ తర్వాత ఈల వచ్చింది, సన్నమైంది, దారంలా సాగింది. దాన్ని వదలకూడదని ఆయన మెడ ముందుకు చాచాడు. దారం తెగింది.

గదిలో ఇప్పుడేమీ లేదు. టీచరమ్మ కనుబొమలు మాత్రం ఇంకా దేన్నో అనుసరిస్తూ పైకి లేస్తున్నాయి. ఆయన కదలలేదు, దగ్గలేదు, అయిందనలేదు. లోలోపల లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు.

బావమరిది చెయ్యి ఇంకా పైనే ఉంది.