సరంగు వాటా

రండి రండి, ఇలా దగ్గరికొచ్చి ఇసకలో కూచోండి. ఏమ్మా సాయిదుర్గా, ఆ ఫోన్ కాస్సేపు పక్కన పెట్టు. వెనకాల గుసగుసలాడేవాళ్లు, మీకే చెబుతున్నాను, మాటలాపండి. ఆపకపోతే ఈ కథ మళ్లీ నా పొట్టలోకి పోద్ది. అక్కణ్ణించి పైకి లాగడం నా వల్ల కాదు.

మా బుల్లియ్య మావ పడవలో నాతో కలిపి నలుగురం మనుషులం, ఒక కుక్క. కుక్క పేరు సరంగు. పడవ నడిపేవాణ్ణి సరంగంటాం కదండీ, అదే. అసలు నడిపింది అదేనండి, మావ ఊరికే చుక్కాని పట్టుకునేవాడు. ఓసారి తాటిచెట్టంత కెరటం మీదికొస్తే ఇది ఒక్క మొరుగు మొరిగింది. కెరటం సిగ్గుపడి పక్కూరికి పోయింది. నమ్మకపోతే పక్కూరోళ్లని అడగండి, ఇంకా మమ్మల్ని తిడుతున్నారు.

సరే, అది నమ్మకపోతే మానెయ్యండి. ఇది మాత్రం నమ్మాలి. మూడేళ్ల కిందట ఓ పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మేం పడవ తోస్తుంటే సరంగు ఎక్కనంది. ఒడ్డు మీద అటూ ఇటూ పరిగెత్తింది, వణికింది, ఊళ పెట్టింది, మావ లుంగీ నోట కరుచుకుని వెనక్కి లాగింది. మావ బండబూతులు తిట్టాడు గానీ ఆగిపోయాడు. మధ్యాహ్నానికి గాలి లేచింది. ఆ పూట మా రేవునించి రెండు పడవలెళ్తే ఒకటే తిరిగొచ్చింది.

ఆ రోజు నించీ పడవలోకి ఏదొచ్చినా మనిషికో వాటా, సరంగుకో వాటా. చేపైనా, బూందీ పొట్లమైనా. మా ఆవిడ లోవలక్ష్మి దెప్పేది. "కుక్కకీ నీకూ ఒకటే వాటా ఏంటయ్యా? ఇంతకీ పడవలో నువ్వేం చేస్తన్నావు?"

"దాని కింద పనిచేస్తన్నానే" అన్నాను.

మొన్న ఎండాకాలం మావ కూతురు బేబీ కువైట్ నించి వచ్చింది. అక్కడ ఓ ఇంట్లో వంట చేస్తది. నాన్నకని ఇటుకంత చాక్లెట్ దిమ్మ తెచ్చింది. నల్లగా బొగ్గులా ఉంది, అక్కడ వంటల్లో వేస్తారంట. పొద్దున్నే మావ దాన్ని రేవుకి పట్టుకొచ్చి, వలలు కోసే కత్తితో అయిదు ముక్కలు చేశాడు. నోట్లో పెట్టుకున్నామా, వేపాకు నమిలినట్టుంది! నలుగురం ఊశాం.

"మనకన్నా ఇది ఎక్కువ కష్టపడతది. నా వాటా కూడా దీనికే" అని మావ తన ముక్క సరంగు ముందు పెట్టాడు. మిగతావాళ్లూ పెట్టారు. ఆఖరున నేనూ పెట్టాను. నా చేత్తోనే పెట్టాను. ముక్క తినేసి నా అరచెయ్యి కూడా శుభ్రంగా నాకింది.

మధ్యాహ్నం దాటాక మొదలైంది. సరంగు ఒడ్డు మీద అటూ ఇటూ పరుగు. నాలుక బయటపెట్టి ఒకటే రొప్పు. కుండెడు నీళ్లు తాగింది, కక్కింది. ఒళ్లంతా వణుకు. తిన్నగా వచ్చి మావ లుంగీ కరుచుకుని లాగింది.

మావ దాన్ని చూశాడు, సముద్రాన్ని చూశాడు. "తుఫానురోయ్!" అని కేకేశాడు.

ఇంకేముందండీ, రేవు రేవంతా కదిలింది. పద్దెనిమిది పడవలు ఇసక మీదికి ఎక్కించేశాం. ఇంజన్లు విప్పేశాం, వలలు ఇళ్లకి మోసేశాం. సరంగు మా కాళ్ల మధ్య తిరుగుతానే ఉంది. "విన్నాంలేమ్మా, విన్నాం, ఇంక చాలు" అని దాని వీపు తట్టి మళ్లీ తాళ్లు లాగాం.

సముద్రం గిన్నెలో నూనెలా కదలకుండా ఉంది.

గోల విని బేబీ పరిగెత్తుకొచ్చింది. కింద పడి కాళ్లు కొట్టుకుంటున్న సరంగుని చూసింది. "నాన్నా, ఆ చాక్లెట్ ఎవరు తిన్నారు?"

"మాకు పడలేదమ్మా, అంతా దీనికే పెట్టాం."

పిల్ల నెత్తి కొట్టుకుంది. "అది కుక్కలకి విషం నాన్నా! మా మేడమ్ వాళ్ల కుక్కని ఆ వాసన కూడా చూడనిచ్చేవారు కాదు!"

పశువుల డాక్టరు గారుండేది నరసాపురంలో, ఏటికి అవతల. పద్దెనిమిది పడవలున్న రేవండి మాది, నీళ్లలో ఒక్కటి లేదు. సరంగుని భుజానేసుకుని ఆటోలో పంటు రేవుకెళ్తే, జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే ఆ పంటు అవతలి గట్టున ఉంది. అది వచ్చేదాకా మావ దాన్ని ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూచున్నాడు. నది దాటేలోపు రెండుసార్లు ఫిట్సొచ్చాయి.

"ఎంత తిన్నది?" అనడిగారు డాక్టరు గారు.

"అయిదు వాటాలండి" అన్నాడు మావ.

ఆయన సూదులేశారు, సెలైన్ పెట్టారు. చాక్లెట్‌లో ఉండే సరుకు మనకి అరుగుద్దంట, కుక్కకి అరగదంట, గుండెని దౌడు తీయిస్తదంట. ఎంత నలుపైతే, ఎంత చేదైతే అంత ప్రమాదమంట. "తిన్న వెంటనే తెచ్చుంటే కక్కించేవాణ్ణి" అన్నారు, పాపం మెల్లిగానే.

సాయంత్రం అయిదింటికి పోయింది. ఇక్కడ నేనేమీ కలపలేనండి. పోయింది, అంతే.

తిరుగు పంటులో మావ దాన్ని తన తుండులో చుట్టి పట్టుకున్నాడు. "అప్పుడూ నా లుంగీయే లాగింది, ఇవాళా నా లుంగీయే లాగింది రా వెంకటరమణా. నేను సముద్రం వంకే చూశాను. దాని వంక చూళ్లేదు" అన్నాడు. నేను నా అరచెయ్యి వంక చూసుకున్నాను.

మా పక్కన కొబ్బరికాయల సత్తియ్య గారు సైకిలు పట్టుకుని నిలబడ్డారు. ఏమైందంటే మొత్తం చెప్పాను, వాటా సంగతి కూడా. ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆలోచించి, మావ భుజం మీద చెయ్యేసి ఎంతో ఓదార్పుగా అన్నారు కదా:

"వాటాదారంటే ఇంట్లో మనిషి కిందే లెక్క బుల్లియ్య గారూ. రేషన్ కార్డులోంచి దీని పేరు రేపే కొట్టేయించండి. ఆలస్యమైతే వేలిముద్ర వెయ్యడానికి దీన్నే స్వయంగా రమ్మంటారు."