చివరి పేజీ మోత

పులివెందులలో పరీక్ష జరిగిన బడికి ఎదురుగా, రోడ్డుకు ఇవతల, పంక్చర్లు వేసే కొట్టం నీడలో ఆదినారాయణ చాప పరిపించాడు. చాప పక్కన మజ్జిగ బిందె, బన్నుల అట్టపెట్టె. గంట కొట్టగానే పిల్లలు ఇంటివాళ్ళ దగ్గరకు పోకుండా ముందు ఈ చాప మీదికి రావాలి. అది ఆయన కోచింగు సెంటరు పద్ధతి.

గురుకులంలో అయిదో తరగతి సీటుకు పెట్టే పరీక్ష అది. ప్రశ్నపత్రం బయటికి రానివ్వరు. గంట కాగానే లెక్క చూసుకుని వెనక్కి తీసుకుంటారు. అందుకని ప్రొద్దుటూరులో బండి ఎక్కించేముందే ఆదినారాయణ పిల్లలకు నెంబర్లు పంచేవాడు. మొదటి అయిదు ప్రశ్నలు ఒకరివి, తర్వాతి అయిదు ఇంకొకరివి. ఎవరివి వాళ్ళు మతిలో పెట్టుకుని బయటికి తేవాలి. దానికి 'మోత' అని పేరు. "నీ మోత యాడ్నించి రా?" అని పిల్లలు ఒకరినొకరు అడుక్కునేవాళ్ళు. ఆ మోసుకొచ్చినవన్నీ కలిపితే వచ్చే ఏటికి పుస్తకం. దాని అట్ట మీద 'అసలు ప్రశ్నలు' అని ఎర్రటి అక్షరాలు.

రాసుకునేది ఎలీషా. జమ్మలమడుగు మనిషి. బడిలో పాఠాలు చెప్పి రిటైరై, వారమంతా ప్రొద్దుటూరు కోచింగులో తెలుగు చెబుతాడు. ఆదివారం మాత్రం తొండూరు పక్కన తన తల్లిగారి ఊరి చర్చిలో పిల్లలకు సండే స్కూలు నడుపుతాడు. రెండుచోట్లా పని ఒకటే అనుకునేవాడు: పిల్లల నోటికి మాటలు ఎక్కించడం.

ఆ రోజు మోతలు సగం సగంగా వచ్చాయి. ఒకడు ప్రశ్న తెచ్చి ఆప్షన్లు లోపలే మరిచి వచ్చాడు. ఇంకొక పిల్ల రైలు ఎంత వేగంతో పోయిందో చెప్పింది గానీ ఎంత దూరం పోయిందో చెప్పలేకపోయింది.

"యాడ దించేసినావు పాపా రైలును? యర్రగుంట్లలోనా?" అన్నాడు ఆదినారాయణ. పిల్లలందరూ నవ్వారు.

చివరి పేజీ మొత్తం శిరీష మోత. ఆ చర్చి ఊళ్ళోనే ఉండే ఆనందమ్మ పెద్ద కూతురు. ఫీజు లేకుండా శిరీషను కోచింగులో చేర్పించింది ఎలీషానే. పేజీ అంతా ఈ పిల్ల ఒక్కతే మోస్తుందని ఆదినారాయణకు చెప్పిందీ ఆయనే. చుట్టుపక్కల చర్చిల పిల్లలకు పెట్టిన బైబిలు కంఠత వాక్యాల పోటీలో, ఒక్క అక్షరం జారకుండా చెప్పి స్టీలు గిన్నె గెలుచుకొచ్చిన పిల్ల.

శిరీష చాప మీద కూర్చోలేదు. చర్చిలో నిలబడినట్టే చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, మళ్ళీ ప్రశ్న. ఎక్కడ గుక్క తిప్పుకోవాలో అక్కడే తిప్పుకుంది. ఎలీషా పెన్ను ఆ వేగాన్ని అందుకోలేక ఆయాసపడింది. చివరి ప్రశ్న అయిపోయినా ఆమె కళ్ళు తెరవలేదు. అదే రాగంతో, "ఈ ప్రశ్నలను పూర్తిగా గానీ కొంత గానీ నకలు చేయుట, ముద్రించుట, అమ్ముట నిషేధము" అని ముగించి, అప్పుడు తెరిచింది.

ఆదినారాయణ తొడ చరుచుకుని నవ్వాడు.

"ఓర్నీ! ప్రశ్నలు తెమ్మంటే పోలీసును గూడా మోసకచ్చింది సూడు! అది రాయొద్దులే అయివోరా."

ఎలీషా కూడా నవ్వాడు. ఆ లైను రాయలేదు. పిల్ల చేతిలో ఒక బన్ను ఎక్కువే పెట్టి తల నిమిరాడు. పరీక్ష ఎట్లా రాసినావని అడగబోయాడు. ఈలోగా ఆదినారాయణ ఇంకొక పిల్లవాణ్ణి రెక్క పట్టుకుని తెచ్చి ముందర నిలబెట్టాడు. అడగకుండానే ఆ పొద్దు గడిచిపోయింది.

ఫలితాల్లో శిరీష పేరు లేదు. ఎలీషా పైనుంచి కిందికి చూశాడు, కిందినుంచి పైకి చూశాడు. లెక్కల్లో ఈమె దగ్గర అడిగి నేర్చుకున్న పిల్లల పేర్లు కనపడ్డాయి.

ఆ ఆదివారం చర్చి విడిచినాక, చెప్పులు వెతుక్కుంటున్న పిల్లను మెట్ల పక్కకు పిలిచాడు.

"లెక్కలు కష్టమొచ్చినాయామ్మా?"

"ల్యా సార్. అన్నీ వచ్చేటివే."

"మరేమైంది?"

శిరీష పావడా అంచు వేలికి చుట్టుకుంది. "జవాబు కాయితంలో సున్నాలు దిద్దలేదు సార్. శానా వదిలేసినా."

"యాల?"

"ముందు చివరి పేజీ నోటికి పట్టినా. పట్టినంక లెక్కలు చేస్తాంటే అది జారిపోతాంది. నోట్లో వాక్యం ఉన్నప్పుడు ఇంకోటి తలవొద్దని మీరే చెప్పినారు గదా సార్. అందుకని పేపరు బోర్లా పెట్టి, కండ్లు మూసుకుని కూకున్నా. గంట కొట్టేదాకా."

ఎలీషా మెట్టు మీద కూర్చున్నాడు. ఆ మాట ఆయనదే. పోటీకి తీసుకుపోయే ప్రతి పిల్లకూ చెప్పేవాడు. నిలబడేముందు ఎవరితోనూ మాట్లాడొద్దు, పక్కవాళ్ళ వాక్యం వినొద్దు, నోట్లో వాక్యం ఉన్నప్పుడు ఇంకోటి తలవొద్దు. ఆ మాట పట్టుకునే ఈ పిల్ల గిన్నె గెలిచింది.

"అమ్మతో చెప్పొద్దు సార్" అంది శిరీష. "బాగా రాసినానని చెప్పినా."

మర్నాడు ప్రొద్దుటూరులో, అచ్చయి వచ్చిన కొత్త పుస్తకాల కట్టలు విప్పుతున్న ఆదినారాయణ దగ్గరకు పోయి జరిగింది చెప్పాడు. ఆదినారాయణ చేతిలో పురికొస అట్లే ఆగిపోయింది.

"అయ్యో పాపం" అన్నాడు. మనసులో నుంచే అన్నాడు.

"ఆ చివరి పేజీ చించేయిద్దామప్పా."

"చించితే ఆ పిల్లకు సీటొస్తాదా?"

"రాదు."

"మరింకేంది? అయిపోయిన పరీక్షలో ప్రశ్నంటే తిని పారేసిన విస్తరాకు అయివోరా. ఎవురు ఏరుకుంటే ఎవురికి నష్టం?"

"పారేసిన ఆకైతే వాళ్ళెందుకంత భద్రంగా దాచుకుంటాండారు?"

"మళ్ళా యేడాది అదే ఆకులో రవ్వంత వడ్డిస్తారు గాబట్టి!" ఆదినారాయణ నవ్వాడు. "ల్యాకుంటే మన పుస్తకం ఎవురు కొంటారు?"

"కొన్నోళ్ళ పిల్లోల్లు తిని లేస్తారు. కొననోళ్ళ పిల్లోల్లు ఆకు ముందర కూకోని ఉంటారు. అంతేగదా?"

"ఇప్పుడు తెల్సిందా నీకు? ఇన్నేండ్లు నీ చేత్తోనే రాస్తివే. అప్పుడు కాని తప్పు ఇప్పుడైందా, మీవోల్ల పిల్లకు తగిలినంక?"

ఆ మాటలో అబద్ధం లేదు. ఆదినారాయణే మెత్తబడి, కట్టలో నుంచి ఒక పుస్తకం లాగి ఆయన సంచిలో పెట్టాడు. "ఆ పాపకియ్యి. చెల్లెలుండాదంటివి గదా, అదన్నా చదువుకుంటాది."

ఎలీషా జమ్మలమడుగుకు పోకుండా ముద్దనూరు మీదుగా తొండూరు బస్సెక్కాడు.

ఆనందమ్మ అప్పుడే అరటితోట నుంచి వచ్చింది. రవిక మీద అరటి జిగట మరకలు నల్లగా ఎండిపోయి ఉన్నాయి. మొగుడు బోరు బండి మీద పనికి పోయి ఊరూరా తిరుగుతుంటాడు. ఇంట్లో ఆమే, ఇద్దరు ఆడపిల్లలూ. ఎలీషాను చూడగానే మంచం వాల్చింది.

"నువ్వు వస్తావనే అనుకుంటి అన్నా. పేపర్లు తారుమారైనాయేమో. మా పిల్ల బాగా రాసినానంటాంది, అది అబద్ధం చెప్పే పిల్ల గాదు. ఆపీసుకు పోయి అడుగుదాం, నువ్వు గూడా రా. ఆడ ఒక్కసారి చేరిందంటే ఇడుపులపాయ పెద్ద కాలేజీ దాకా దాని చదువు అదే చూసుకుంటాదన్నా. నేనింక దిగులు పడే పనే ఉండదు."

శిరీష వాకిట్లో నిలబడి ఆయన ముఖంలోకే చూస్తోంది. ఎలీషా సంచిలో నుంచి పుస్తకం తీసి ఆ పిల్ల చేతికిచ్చాడు. ఆమె చెల్లెల్ని పిలుచుకుని గడప మీద కూర్చుని విప్పింది.

అప్పుడు ఆయన ఆనందమ్మకు జరిగిందంతా చెప్పాడు. చాప, మోత, చివరి పేజీ, బోర్లా పెట్టిన పేపరు.

ఆమె చివరిదాకా వింది.

"మోసుకరమ్మని చెప్పింది ఎవురన్నా?"

"నేనే."

"నోట్లో వాక్యం పెట్టుకోని ఇంకోటి తలవొద్దని?"

"అదీ నేనేనమ్మా."

"మళ్ళా రాయనీరా?"

"ఆ తరగతికి ఒక్కసారే రాయనిస్తారు."

ఆనందమ్మ లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందర పెట్టింది. ఇంటికొచ్చిన మనిషికి పెట్టాలి గనక పెట్టింది. తాగన్నా అనలేదు. గోడకు ఆనుకుని, జిగట మరకను గోటితో గీకుతూ కూర్చుంది. అది పోయే మరక కాదు.

"అమ్మా, ఇవి నేను చెప్పినవే!" గడప మీద నుంచి శిరీష అరిచింది. "ఇది, ఇది... అన్నీ నావే! చూడే చెల్లీ, అచ్చులో వేసినారు." వేలు పెట్టి ఒక్కొక్క ప్రశ్నా దాటుకుంటూ పేజీ కిందికి వచ్చి ఆగింది. వెనక పేజీ తిప్పి చూసింది. మళ్ళీ ముందుకు తిప్పింది.

"సార్, కింద ఒక లైను తగ్గింది."

ఎలీషా తల ఎత్తలేదు.

"నేను చెప్పినా గదా సార్, మీరు మరిచిపోయినట్టుండారు." లేచి నిలబడి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని ఆ లైను చెప్పింది. ఒక్క అక్షరం జారలేదు.

"ఏందది?" అంది ఆనందమ్మ.

"ఈ పని చెయ్యకూడదని రాసుండాదమ్మా దాంట్లో" అన్నాడు ఎలీషా.

"నీకు తెల్సా?"

"ఆ పొద్దే తెల్సు. ఈ పిల్లే చెప్పింది."



"పెన్నియ్యండి సార్, నేను రాస్తా" అంది శిరీష.

ఎలీషా లేచి వచ్చి జేబులో నుంచి పెన్ను తీసి ఇచ్చాడు. ఇన్నేళ్ళూ మోతలు రాసుకున్న పెన్నే అది. పిల్ల గడప మీద బోర్లా పడుకుని, చివరి ప్రశ్న కింద మిగిలిన రవ్వంత ఖాళీలో, అచ్చు అక్షరాల మాదిరే గుండ్రంగా, తప్పు పోకుండా రాయసాగింది. చిన్నది పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ నోటికి పట్టుకుంటోంది.

రాయడం అయ్యేదాకా ఎలీషా నిలబడే ఉన్నాడు. చెంబులో నీళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.